కడపలో బ్రౌను దొర

తెలుగు పదానికి అర్థం తెలియక నిఘంటువు తెరచిన వారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు ఎరుగని వారు అరుదు. వెలువడి నూటడెబ్బై సంవత్సరాలు దాటినా ఆ నిఘంటువు నేటికీ వాడుకలో ఉన్నది. అయితే ఆ గ్రంథానికి పునాది పడినది లండనులో కాదు, మద్రాసులోనూ కాదు. చుట్టూ కొండలతో, ఎండలకూ జ్వరాలకూ పేరుపడిన కడపలో. ఆ ఊరికి బ్రౌన్ కోరి రాలేదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా, పైవారి ఉత్తర్వు మేరకు 1820 ఆగస్టులో వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఒక్క సంవత్సరాలు. అంతవరకు ఆయన ఎరిగిన లోకం వేరు.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. ఆనాడు కలకత్తా కంపెనీ పరిపాలనకు ముఖ్యపట్టణం. ఓడరేవు, కోట, విశాలమైన వీధులు, ముద్రణాలయాలు, పత్రికలు, నానా దేశాల వర్తకులు గల మహానగరం అది. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనాథ బాలల పోషణలో శ్రద్ధ గలవాడు, బహుభాషావేత్త. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1800 సంవత్సరంలో నెలకొల్పిన ఫోర్టు విలియం కళాశాలకు ఆయన అధికారిగా పనిచేశాడు. పండితులూ మున్షీలూ మత ప్రచారకులూ వచ్చిపోతుండే ఆ ఇంటిలో భాషల గురించిన ప్రసంగమే నిత్యకృత్యం. తండ్రి తన పిల్లలకు చిన్ననాటనే హీబ్రూ, అరబ్బీ, పారశీకం, హిందుస్తానీ వంటి భాషలలో ప్రవేశం కల్పించాడు. ఒక భాష రానంత మాత్రాన బెదరిపోని స్వభావం బ్రౌన్‌కు అక్కడే అలవడింది.

1812లో డేవిడ్ బ్రౌన్ మరణించడంతో కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అప్పటికి బ్రౌన్ పదమూడేళ్ళ బాలుడు. కంపెనీ కొలువుకు యువకులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో శిక్షణ పొంది, 1817 ఆగస్టు 4వ తేదీన ఆయన మద్రాసులో దిగాడు. ఆ ఊరిలోని ఫోర్టు సెంట్ జార్జి కళాశాలలో చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు ఓనమాలు దిద్దాడు. అంతకుముందు ఆయనకు తెలుగు అనే భాషతో పరిచయం లేదు. తెలుగు నేర్వగోరే దొరలకు ఆనాడు లభించే సాధనాలు స్వల్పం. విలియం కేరీ 1814లో ప్రకటించిన వ్యాకరణం ఒకటి, ఏ.డి. కాంప్‌బెల్ 1816లో రచించిన వ్యాకరణం మరొకటి. వాటితోనూ, పంతులుగారి బోధతోనూ కుస్తీపట్టి 1820 జూనులో బ్రౌన్ పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు.

అదే కాలంలో సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా పదవి చేపట్టాడు. మన్రో అంతకుముందు దత్తమండలాలలో ఏడేండ్లు కలెక్టరుగా తిరిగినవాడు. రైతుతో రైతు భాషలో మాట్లాడనివాడు పరిపాలనకు తగడని దృఢంగా నమ్మినవాడు. కళాశాల విద్యార్థులను ఉద్దేశించి ఆయన ఈ విషయాన్నే నొక్కి చెప్పాడు. ప్రజల భాష రాని అధికారి ప్రజలకు అందని వాడవుతాడన్న ఆ హితవు బ్రౌన్ మనస్సులో గాఢంగా నాటుకొన్నది. తరువాతి కాలంలో తాను చేసిన పనికి మన్రో మాటలే ప్రేరణ అని ఆయన తలచుకొనేవాడు. అయితే హితవు వినడం వేరు, దానిని నడివేసవిలో నిలుపుకోవడం వేరు.

మద్రాసు నుండి కడప నూటయాభై మైళ్ళకు పైబడిన దూరం. రైలు మార్గం పడడానికి ఇంకా నలభై సంవత్సరాలకు పైగా పట్టింది. దొరలు పల్లకీలలోనో గుర్రాలమీదనో మజిలీలు చేసుకొంటూ, కొండ కనుమలు దాటి రావలసి ఉండేది. సముద్రపు గాలికి అలవాటుపడిన వారికి కడప వాతావరణం కఠినమనిపించేది. దక్షిణాన పాలకొండలు, ఉత్తరాన కొంతదూరంలో పెన్నానది, ఊరి మధ్యగా వానకాలంలో మాత్రమే ఉరకలు వేసే బుగ్గవంక. వేసవిలో బండలు రాత్రి సైతం సెగలు కక్కుతాయి. వానలు వెలిసిన పిమ్మట జ్వరాలు ఊరిని పట్టి పీడించేవి. బదిలీ ఉత్తర్వులో కడప పేరు కనబడితే కంపెనీ ఉద్యోగులు మొగం చిట్లించుకొనే కాలం అది.

కానీ కడప చరిత్ర లేని ఊరేమీ కాదు. ఉత్తరాది నుండి తిరుమలకు పోయే యాత్రికులు మొదట దేవుని కడపలో వేంకటేశ్వరుని సేవించి పోయేవారు. ఆ కొండకు ఇది గడప వంటిదని జనవాక్యం. 18వ శతాబ్దంలో మయానా నవాబుల ఏలుబడిలో కడప ఒక చిన్న రాజధానిగా వెలిగింది. పిమ్మట మైసూరు పాలకుల చేతిలోనికీ, వారి నుండి నిజాముకూ పోయి, 1800లో నిజాము ధారాదత్తం చేసిన సీమలతోపాటు కంపెనీ అధీనమైంది. బ్రౌన్ వచ్చేనాటికి పాళెగాండ్ర కోటలు శిథిలమవుతున్నాయి, నవాబుల వైభవం పెద్దల కథలలో మాత్రమే మిగిలింది. దర్గాలో ఉర్దూ, కోవెలలో సంస్కృతం, సంతలో తెలుగు, కచేరీ లెక్కలలో చాలావరకు మరాఠీ వినవచ్చే ఊరు. కలకత్తాలో పుట్టి అనేక భాషల నడుమ పెరిగిన యువకునికి ఇది పూర్తిగా కొత్త కాకపోవచ్చు. కొత్త అయినది ఏకాంతం. ఊరిలోని ఆంగ్లేయులను వ్రేళ్ళమీద లెక్కించవచ్చు. పుస్తకాల అంగడి లేదు, ముద్రణాలయం లేదు, సాయంకాలం వేళ పండిత గోష్ఠి జరిగే ఇల్లు కనీసం ఆయనకు తెలిసినంతలో లేదు.

ఇటువంటి చోట్లకు వచ్చిన దొరలు సాధారణంగా రెండు తెరగులుగా కాలం వెళ్ళబుచ్చేవారు. వేట, విందు, పేకాటలతో ఊరిని మరచిపోవడం ఒకటి. బదిలీ కొరకు మద్రాసుకు ఉత్తరాలు వ్రాసుకోవడం రెండవది. బ్రౌన్ మార్గం మూడవది కావడానికి ఒక కారణం ఆయన పై అధికారి. కడప కలెక్టరు హాన్‌బరీ తెలుగును స్థానికులవలె ధారాళంగా మాట్లాడేవాడు. పై అధికారి నోట రైతు మాటలు అలవోకగా దొర్లుతుండగా కింది ఉద్యోగి దుబాసీ ముఖం చూస్తూ కూర్చోవడం చిన్నతనమే కదా! పైగా సహాయ కలెక్టరుకు తెలుగు లేనిదే పూట గడవదు. అర్జీలు వినాలి, సాక్షుల మాటలు నమోదు చేయాలి, జమాబందీ కాలంలో గుడారాలతో పల్లెలు తిరిగి పంటలు చూడాలి, రెడ్డి చెప్పినదానికీ కరణం వ్రాసినదానికీ పొంతన ఉన్నదో లేదో తేల్చాలి.

మద్రాసులో నేర్చిన తెలుగు ఇక్కడ అక్కరకు రాని సందర్భాలు ఎన్నో ఎదురై ఉంటాయని ఊహించడం కష్టం కాదు. కళాశాల తెలుగు పుస్తకాలలోనిది, వ్యాకరణ సూత్రాలకు లోబడినది. కడప రైతు మాట సూత్రాలకు లొంగదు. సామెతతో మొదలై, తిట్టుతో నడిచి, మొక్కుతో ముగుస్తుంది. అందులో ఉర్దూ పదం ఉంటుంది, మరాఠీ పదం ఉంటుంది, నేలకు, ఎద్దుకు, ఏతానికి సంబంధించిన పదాలు ఉంటాయి; వీటిలో అధికభాగం ఏ వ్యాకరణంలోనూ కనబడవు. పండితులు అటువంటి మాటలను గ్రామ్యమని తోసివేసేవారు. బ్రౌన్ వాటిని వదలలేదు. తరువాతి కాలంలో ఆయన కూర్చిన నిఘంటువులో కావ్యభాష పక్కనే సామెతలూ నుడికారాలూ, కచేరీ మాటలూ, సామాన్యులు నిత్యం పలికే రూపాలూ చోటుచేసుకోవడానికి మూలం ఈ కచేరీ అనుభవమే. న్యాయస్థానంలో ఒక్క మాటకు తప్పుడు అర్థం చెప్పుకొంటే ఒకరి పొలమో ప్రాణమో పోతుంది. ఆ బాధ్యతే మాటల పట్ల ఆయనకు అంతటి పట్టుదల కలిగించింది.

ఊరిలో అడుగుపెట్టిన మరుసటి ఏడాది, 1821లో, బ్రౌన్ కడపలో రెండు ఉచిత పాఠశాలలు తెరిచాడు. కంపెనీ ఆదేశం వలన చేసిన పని కాదిది. ప్రభుత్వం ప్రజల విద్యను తన బాధ్యతగా ఇంకా స్వీకరించని రోజులవి. బడి ఖర్చు ఆయన సొంత జీతం నుండే పోయింది. తాను తెలుగు నేర్చుకొంటూనే తెలుగు పిల్లలకు బడి పెట్టిన ఆ యువకుడు చిన్న ఊరిలో పొద్దుపోని మనిషి ఇక ఎంతమాత్రం కాడు.

1822లో బ్రౌన్‌కు మచిలీపట్నం బదిలీ అయినది. ఇక్కడ విధి ఒక వింత చేసింది. కడపలో రెండేళ్ళు ఉన్నా వేమన పేరును ఆయన పట్టించుకొన్నది లేదు. వేమన సమాధిగా ప్రజలు కొలిచే కటారుపల్లె కదిరి సమీపంలో ఉన్నది. కదిరి ప్రాంతం అప్పుడు కడప జిల్లాలోని భాగమే. అటువంటి వేమనను గురించి బ్రౌన్ 1824లో తెలుసుకొన్నది తెలుగువారి వలన కాక, అబ్బే దుబాయి అనే ఫ్రెంచి మతాచార్యుడు హిందువుల ఆచారాలపై వ్రాసిన గ్రంథం వలన! కుతూహలంతో వేమన పద్యాల ప్రతులు తెప్పించమన్నప్పుడు పండితులకు అది రుచించలేదు. వేమన వారి దృష్టిలో కవే కాడు. అయితే ఆ పద్యాలు పామరుల నాలుకలమీద ఉన్నాయి. బ్రౌన్‌కు కచేరీలో చెవికి సోకిన తెలుగు ఆ ఆటవెలదులలో సజీవంగా ధ్వనించింది. దొరికిన ప్రతినల్లా సేకరించడం ప్రారంభించాడు.

వేమన ద్వారం తెరిచాడే కాని లోపల ఉన్న భాండారం చాలా పెద్దది. దానిలోనికి పోవాలంటే ఛందస్సు తెలియాలి. మచిలీపట్నం, రాజమండ్రి ఉద్యోగాల కాలంలో తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితుల సాయంతో ఆయన ఆ రహస్యాలు గ్రహించాడు. గ్రహించి ఊరకుండక, తరువాత వచ్చేవారికి తేలికగా బోధపడే పద్ధతిలో తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరిస్తూ 1827లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఈ కాలంలోనే ఆయనకు ఒక కఠోర సత్యం తెలిసివచ్చింది. తెలుగు కావ్యాలు నశిస్తున్నాయి. తాళపత్రాలు చెదలపాలవుతున్నాయి, చదివి చెప్పగలవారు తగ్గిపోతున్నారు, ఆదరించే ప్రభువులు లేరు. ఉన్న ప్రతులలోనూ ఒకదానికి మరొకటి పొసగదు. ఎవరో ఒకరు పూనుకొనకపోతే రానున్న తరానికి తిక్కన, పెద్దనలు పేర్లు మాత్రమే అవుతారు.

1826లో ఆయన మళ్ళీ కడపకు వచ్చాడు. మొదటి రాకకూ దీనికీ ఎంతో భేదం ఉన్నది. అప్పుడు వచ్చినవాడు ఉత్తర్వుకు తలవంచిన కుర్ర ఉద్యోగి. ఇప్పుడు వచ్చినవాడు ఒక పని పెట్టుకొని వచ్చినవాడు. బదిలీల కొలువులో ఉన్నవాడు ఇల్లు కొనడం లోకజ్ఞానం గలవారు చేసే పని కాదు. బ్రౌన్ కొన్నాడు. కడపలో ఒక బంగళా సొంతం చేసుకొని, దానిని నివాసంగా కంటె కార్మికశాలగా మార్చాడు. పండితులూ లేఖకులూ అక్కడ కొలువుదీరారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే స్థానికుడు ఈ వ్యవహారమంతా అజమాయిషీ చేసేవాడు. దానికి ఎవరూ పట్టాలివ్వలేదు, ప్రభుత్వం గుర్తించలేదు. అయినా ప్రజలు దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు.

అక్కడ జరిగిన పని ఎటువంటిదో తెలుసుకొంటే ఆ పేరు సార్థకమని తోస్తుంది. తాళపత్రం మీద గంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తే గాని కనబడవు. పద్యానికీ పద్యానికీ నడుమ ఎడం ఉండదు. పదాల విరుపు అసలే ఉండదు. లేఖకుడు పొరపాటున వదిలిన అక్షరం, తెలియక చేర్చిన పాదం, తెలిసి మార్చిన మాట ప్రతి నకలులోనూ పోగవుతూ వస్తాయి. కనుక ఒక్క ప్రతిని నమ్ముకొని లాభం లేదు. బ్రౌన్ ఒక కావ్యానికి వీలైనన్ని ప్రతులు వివిధ ప్రాంతాల నుండి తెప్పించేవాడు. కొన్ని కొనుగోలు చేసేవాడు, అమ్మడానికి ఇష్టపడని వారి వద్ద ఎరవు తెచ్చి నకలు తీయించేవాడు. ఒక పండితుడు చదువుతుండగా తక్కిన వారు తమ చేతిలోని ప్రతులతో పోల్చి పాఠభేదాలు గుర్తించేవారు. వాటిలో ఏది సమంజసమో చర్చించి నిర్ణయించిన పిమ్మట కాగితంపై శుద్ధప్రతి తయారయ్యేది. అర్థం తెలియనిచోట వ్యాఖ్య వ్రాయించేవాడు. పద్యాలకు అకారాది సూచికలు కూర్పించేవాడు. చివరి మాట తనదేనని పట్టుపట్టే దొరకూ, పరంపరగా వచ్చిన పాఠాన్ని వదలడానికి మనస్కరించని శాస్త్రులకూ నడుమ వాదులాటలు తప్పేవి కావు. ఆయనకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అయినా పండితులు ఆయనను విడిచిపోలేదు. జీతం కొంత కారణం. నశించిపోతుందనుకొన్న తమ విద్యకు మళ్ళీ విలువ కలగడం అంతకంటె పెద్ద కారణం కావచ్చు. ఆయన వద్ద పనిచేసిన వారిలో జూలూరి అప్పయ్య, మన్నెపల్లి రామకృష్ణకవి చిరస్మరణీయులు. వసుచరిత్ర, మనుచరిత్రలకు వ్యాఖ్యలు సిద్ధమై, 1844లో మొదటిదీ 1851లో రెండవదీ అచ్చుకావడం ఈ శ్రమ ఫలితమే.

ఈ పనికి కంపెనీ ధనం ఇవ్వలేదు. పండితుల జీతాలు, ప్రతుల వెల, కాగితం, సిరా, కట్టుబడి అన్నీ బ్రౌన్ జీతం నుండే రావాలి. జీతం చాలక అప్పులు చేశాడు. అప్పులకు వడ్డీలు పెరిగాయి. సాటి దొరలు పొదుపు చేసి స్వదేశంలో స్థిరాస్తులు ఏర్పరచుకొంటుండగా బ్రౌన్ తాటాకులు కొనడానికి రుణపత్రాలు వ్రాశాడు. ఆయన వివాహం చేసుకోలేదు. పగలు ఉద్యోగం, మిగిలిన వేళ పుస్తకం. కడపలో ఆయనకు తోడు కరవైందన్న మాట ఈ కాలానికి వర్తించదు, ఇంటినిండా మనుషులే.

1827 జూలైలో మన్రో పత్తికొండలో కలరా సోకి మరణించాడు. భాషాసేవకు ప్రేరణ ఇచ్చిన పెద్దదిక్కు పోయినా పని ఆగలేదు. 1829లో వేమన పద్యాలు 693 ఆంగ్లానువాదంతో అచ్చయినాయి. పండితులు కవి కాడన్న వేమన దీనితో దేశాంతర ఖ్యాతి పొందాడు. పదేళ్ళ తరువాత, 1839లో, పద్యాల సంఖ్య 1164కు పెరిగిన మరొక కూర్పు వచ్చింది.

ఆ 1829లోనే బ్రౌన్ కడపను విడిచాడు. తరువాతి ఉద్యోగ జీవితం ఒడిదుడుకులతో సాగింది. తిరుచిరాపల్లి వంటి చోట్ల పనిచేసి, పైవారితో పొసగక 1834లో కొలువు పోగొట్టుకొన్నాడు. ఇంగ్లండు చేరినా ఆయన మనస్సు తెలుగును విడువలేదు. లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయంలో ఎవరూ ముట్టని దక్షిణ దేశ భాషల వ్రాతప్రతులు 2106 కంటబడగా, హోరేస్ హేమన్ విల్సన్ తోడ్పాటుతో వాటిని మద్రాసుకు చేర్పించాడు. లండనులో ఉంటే అవి భద్రమే. అయితే చదివేవారు లేని చోట భద్రంగా ఉండి ప్రయోజనమేమిటన్నది ఆయన ఆలోచన. ఆ తరువాత కంపెనీ ఆయనను పారశీక అనువాదకునిగా తిరిగి మద్రాసులో నియమించింది. తపాలా శాఖకు అధిపతిగా కూడ కొంతకాలం పనిచేశాడు.

మద్రాసులో గడిపిన ఈ రెండవ దశలోనే పెద్ద గ్రంథాలన్నీ వెలువడ్డాయి. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు, ఆ వెంటనే ఇంగ్లీషు తెలుగు నిఘంటువు, 1854లో అన్యదేశ్యాలు కలిసిన మిశ్రభాషకు ప్రత్యేకంగా మరొక నిఘంటువు అచ్చయినాయి. ఈ చివరిది గమనింపదగినది. శుద్ధభాషను మాత్రమే ఆదరించే పండితుడు అటువంటి గ్రంథం తలపెట్టడు. తహశ్శీలు, జమాబందీ, పంచాయితీ, దస్తావేజు వంటి పదాలతో సాగే కచేరీ భాషలో దినమంతా గడిపినవాడే దాని అవసరం గుర్తించగలడు. 1853లో ఆయన అనంతపురం హండె పాళెగాండ్ర చరిత్రను ఆంగ్లంలోకి అనువదించి ప్రకటించాడు. కావ్య గౌరవం లేని ఇటువంటి స్థానిక కథనాన్ని అచ్చుకెక్కించడంలోనూ కడపసీమతో ఏర్పడిన అనుబంధం కానవస్తుంది.

1855లో బ్రౌన్ శాశ్వతంగా ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. అక్కడకూడ ఆయన విశ్రమించలేదు. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యునిగా పనిచేశాడు. తన సాహిత్య జీవితాన్ని గురించి ఒక చిన్న పుస్తకం వ్రాసుకొన్నాడు. తెలుగు నేర్వడానికి కలకత్తా బిడ్డ కడపకు రావలసి వచ్చింది. తెలుగు చెప్పడానికి ఆయన లండనులో విద్యార్థుల కొరకు ఎదురుచూడవలసి వచ్చింది. ఆ మహానగరంలో తెలుగు పలికేవారు ఎందరు ఉండి ఉంటారు? 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనభై ఆరేళ్ళ వయస్సులో, ఆయన లండనులోనే కన్నుమూశాడు.

కడప బంగళా కాలక్రమంలో చేతులు మారి శిథిలమైనది. గోడలు కూలాయి, ముళ్ళచెట్లు మొలిచాయి. బ్రౌన్ కాలేజీ అన్న మాట ఊరివారికి వినికిడిగా మాత్రమే మిగిలింది. 1970వ దశకంలో పరిశోధకుడు బంగోరె బ్రౌన్ లేఖలనూ పండితులు ఆయనకు వ్రాసిన జాబులనూ వెలికితీసి ప్రకటించడంతో ఆ ఇంటి చరిత్ర మళ్ళీ చర్చకు వచ్చింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి కడపలో ఆ శిథిలాలున్న చోటనే బ్రౌన్ పేర ఒక గ్రంథాలయం వెలయించడానికి కంకణం కట్టుకొన్నాడు. విరాళాల కొరకు ఇంటింటికీ, కార్యాలయం నుండి కార్యాలయానికీ తిరిగాడు. ఒకప్పుడు అప్పుచేసి తాళపత్రాలు సేకరించిన ఇంటి నేలమీద, రూపాయి రూపాయి కూడబెట్టి కట్టిన భవనం లేచింది. పుస్తకాలతోపాటు తాళపత్ర ప్రతులు కూడ అక్కడికి చేరసాగాయి. 2006లో కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా అది ఆ విశ్వవిద్యాలయంలో భాగమైనది.